ఫైండర్ ఒకవైపు, టెలిస్కోప్ ఇంకోవైపు: ఇలా సరిచేశాను

ఫైండర్‌లో (గురి చూసుకోవడానికి టెలిస్కోప్ గొట్టం మీద బిగించే చిన్న దుర్భిణిలో) చంద్రుడు నడిమధ్యన ఉన్నా ఐపీస్‌లో (టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే కటకంలో) చీకటే కనిపిస్తుంటే, రెండూ ఒకే దిక్కు చూడటం లేదన్నమాట. దీన్ని రాత్రి కాదు, పగలే సరిచేసుకోవాలి. తిరుపతిలో మిద్దె మీద నుంచి తిరుమల కొండ మీది ఏదైనా స్తంభం చాలు. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు. ఫైండర్‌తో చూసినా కన్ను పోతుంది.

ముందు 25 ఎంఎం ఐపీస్‌లో స్తంభం కొనను మధ్యకు తెచ్చి, గొట్టం కదలకుండా బిగించాను. తర్వాత ఫైండర్ మరలు తిప్పి, అడ్డగీతలు కలిసే చోటికి అదే కొన తెచ్చాను. ఇంకా పెద్దదిగా చూపే 10 ఎంఎం ఐపీస్‌తో మళ్లీ ఒకసారి. పక్కవీధి వాటర్ ట్యాంకు దీనికి పనికిరాదు. ఫైండర్‌కూ గొట్టానికీ మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉంటే, 50 మీటర్ల దూరంలో అది చంద్రబింబం వెడల్పులో మూడో వంతు తేడా తెస్తుంది. కిలోమీటరు దాటితే లెక్కలోకి రాదు.

మర్నాటికే మళ్లీ తప్పింది. బ్రాకెట్‌లో ఫైండర్‌ను పట్టి ఉంచే రబ్బరు రింగు గాడిలోంచి జారింది, అంతే.

ఇక బొమ్మ సంగతి. దూరంగా ఉన్న షాపు బోర్డు చదవండి. నేరుగా చూసే 6×30 (ఆరు రెట్లు పెద్దదిగా చూపే, 30 ఎంఎం కటకం ఉన్న) ఫైండర్‌లో అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. న్యూటోనియన్‌లో (అద్దాలతో పనిచేసే టెలిస్కోప్‌లో) వంకరగా కూడా ఉండొచ్చు. రెండింటికీ నక్షత్రపటాన్ని తిప్పి పట్టుకుంటే చాలు. ఆ ఫైండర్‌లో చుక్క కుడివైపు కనిపిస్తే గొట్టాన్ని ఎడమకు నెట్టాలి. స్టార్ డయాగొనల్ (వెలుగును పక్కకు మళ్లించే అద్దం ముక్క) పెట్టిన రిఫ్రాక్టర్‌లో (కటకాల టెలిస్కోప్‌లో) బొమ్మ నిటారుగానే ఉంటుంది, కానీ అద్దంలోలా కుడిఎడమలు మారతాయి. పటాన్ని ఎంత తిప్పినా కలవదు. స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లో బొమ్మను అడ్డంగా తిరగేసి చూసుకోవాలి.