ఎప్పుడో తప్పిపోయిన మనిషి కాగితాలు గోదావరి జిల్లాల్లో ఎక్కడ వెతకాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది హంతకుణ్ణి పట్టుకోడం ఎలా అని రాసింది కాదు. ఇంట్లో బాబాయో మేనత్తో తాతగారి తమ్ముడో ముప్పై నలభై ఏళ్ళ కిందట గుమ్మం దాటి వెళ్ళి మళ్ళీ రాలేదు, ఉన్నారో పోయారో తెలీదు, ఆ మాటెత్తితే పెద్దవాళ్ళు లేచి అవతలికి వెళ్ళిపోతారు, అలాంటి ఇళ్ళవాళ్ళ కోసం రాస్తున్నా. ఇలాంటివి చూసీ చూసీ నాకు అర్థమైంది ఒకటే. ఒక స్టేషన్‌లో "మనిషి కనపడట్లేదు" అని ఒక కాగితం ఉంటుంది, ఇంకెక్కడో స్టేషన్‌లో "గుర్తు తెలియని శవం" అని ఇంకో కాగితం ఉంటుంది, ఆ రెండూ ఎప్పుడూ ఒకే బల్ల మీదకి రాలేదు, అంతే. స్టేషన్లన్నిటినీ కంప్యూటర్‌తో కలిపే సీసీటీఎన్ఎస్ అనేది 2009లో శాంక్షన్ అయింది, అంతకుముందు ఒక వైర్‌లెస్ మెసేజీ, పేపర్లో చిన్న ఫోటో, అయిపోయింది. కాబట్టి మన పని ఆ రెండో కాగితాన్ని వెతకడం.

అన్నిటికంటే ముందు తేదీ తేల్చుకోవాలి. ఏ సంవత్సరం అని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేరు, చెప్పినా తప్పు చెప్తారు. మనవాళ్ళకి కాలం గుర్తుండేది వరదలతోటీ తుఫాన్లతోటీ పుష్కరాలతోటీ, అలాగే అడగండి. ఇదిగో ఇలాగ:

"చిన్న మావయ్య ఎప్పుడెళ్ళిపోయాడు అమ్మమ్మా?"
"ఏమో నాన్నా, మీ అమ్మకింకా పెళ్ళి కాలేదు."
"పాశర్లపూడిలో గ్యాస్ మంటలు లేచినప్పుడు ఉన్నాడా?"
"ఎందుకు లేడూ, సైకిలేసుకుని చూడ్డానికి కూడా ఎల్లొచ్చాడు."
"మరి పెద్ద తుఫానుకి?"
"లేడు. కొబ్బరిచెట్లన్నీ పడిపోతే ఆడుంటే చేతికి సాయంగా ఉండునని మీ తాత ఏడ్చాడు."
"దాళ్వా కోతలయ్యాయా అప్పటికి?"
"అయిపోయాయి, కాలవ కూడా కట్టేశారు, చెరువు నీళ్ళే తాగుతున్నాం."

చూశారా, పాశర్లపూడి బ్లోఅవుట్ 1995 జనవరి 8న మొదలై రెండు నెలల పైనే మండింది, తుఫాను 1996 నవంబర్ 6. మధ్యలో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యి కాలవలకి నీళ్ళు ఆపేసిన ఎండాకాలం అంటే 1995 వేసవో 1996 వేసవో, ఇంకోటి కాదు. సంవత్సరం తెలీని మనిషి దగ్గర్నుంచి నాలుగు ప్రశ్నల్లో ఇంత వచ్చింది. ఇంకా పాతవైతే 1986 ఆగస్టు వరద ఉంది, 1953 వరద ఉంది, పుష్కరాలు 1967, 1979, 1991, 2003. నెల కోసం కోటిపల్లి శివరాత్రి, అంతర్వేది తీర్థం, జగ్గన్నతోట ప్రభలు, వీటికి ముందా తర్వాతా అని అడగండి. ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడగాలి, ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ళు చెప్పిందే అందరి మాటా అయిపోతుంది.

96 తుఫాను గురించి మాత్రం జాగ్రత్త. వెయ్యి మంది పైనే పోయారు, వేటకెళ్ళిన వాళ్ళు ఎంతోమంది ఇంటికి రాలేదు, అందుకని ఆ చుట్టుపక్కల రోజుల్లో కనపడకుండా పోయిన ప్రతివాణ్ణీ తుఫాను ఖాతాలో వేసేశారు. ఎక్స్‌గ్రేషియా కోసం రెవెన్యూ వాళ్ళు లిస్టులు తయారుచేశారు కదా, మీ మనిషి పేరు అందులో ఉందో లేదో అడగండి. వారం ముందు నుంచే కనపడని మనిషి తుఫానులో పోయాడని ఊరంతా అంటోందంటే, ఆ మాట మొదట ఎవరు అన్నారో కనుక్కోవాలి.

తేదీ తేలాక అప్పటి స్టేషన్ ఏది అన్నది చూడాలి. ఇక్కడే జనం తిరిగి తిరిగి విసిగిపోతారు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు, ఇప్పుడు కోనసీమ జిల్లా అంటున్న ఊళ్ళన్నీ అప్పుడు తూర్పుగోదావరి, ఎస్పీ ఆఫీసు కాకినాడ, జిల్లా కోర్టు రాజమండ్రి. భీమవరం, నరసాపురం వైపు వాళ్ళకి రెండూ ఏలూరే. అమలాపురంలో అడిగితే లేదన్నారని వదిలెయ్యకుండా పాత హెడ్‌క్వార్టర్స్‌లో కూడా అడగాలి. 1984కి ముందు విషయమైతే ఊళ్ళో మునసబు గారే చావు పుట్టుకల రిజిస్టరు రాసేవారు, అనుమానంగా శవం కనపడితే స్టేషన్‌కి కబురు పంపేదీ ఆయనే. మునసబు, కరణం ఉద్యోగాలు 1984లో తీసేశారు గానీ కొన్ని ఇళ్ళల్లో అటక మీద ట్రంకు పెట్టెల్లో ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి, వాళ్ళ మనవళ్ళని మర్యాదగా అడిగితే చూపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్ళు. డెల్టాలో మనిషి తప్పిపోయిన ఊరూ శవం తేలిన ఊరూ ఒకటి అవ్వాలని ఏం లేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు శివారు దాకా పోతుంది, మధ్యలో లాకులు, వంతెన కానాలు, గుర్రపు డెక్క, వీటి దగ్గర ఏదైనా తట్టుకుంటుంది. కాబట్టి మీ ఊరి కాలవ పట్టుకుని దిగువకి వెళ్తూ ఏ ఏ స్టేషన్ల హద్దులు తగుల్తాయో ఒక కాగితం మీద రాసుకోండి. లొల్ల లాకుల్లాంటి చోట కాలవ చీలుతుంది, అక్కణ్ణుంచి రెండు మూడు దార్లూ రాసుకోవాలి. కాలవలు కట్టేసే నెలల్లో కొత్తగా ఏదీ కొట్టుకుపోదు గానీ అడుగున ఉన్నవి అప్పుడే బయటపడతాయి, సైకిలు, ఎముకలు, ఏవైనా. అందుకని తప్పిపోయిన తేదీ దగ్గరే ఆగకుండా తర్వాత వచ్చిన రెండు మూడు వేసవుల రిజిస్టర్లు కూడా అడగండి. పైన అమ్మమ్మ చెప్పిన కేసు చూడండి, కాలవ కట్టేసి ఉన్నప్పుడు వెళ్ళిన మనిషి, అంటే కాలవ కంటే ముందు ఏటినీ రోడ్డునీ రైలునీ చూడాలి.

గౌతమి పాయలో అయితే యానాం మర్చిపోవద్దు. అది పుదుచ్చేరి కింద ఉంది, అక్కడి పోలీసులు ఆంధ్రా ఎస్పీకి జవాబుదారీ కాదు, రికార్డులూ వేరే, అర్జీ కూడా వేరే పెట్టాలి. ఇవతల ఎదుర్లంకలో తప్పిపోయిన మనిషి అవతల ఒడ్డున తేలితే మధ్యలో ఉన్నది ఒక్క ఏరే గానీ ఆ కాగితం మాత్రం ఇంకో ప్రభుత్వానిది. అలాగే రైలు పట్టాల మీద దొరికితే లోకల్ స్టేషన్‌లో ఏమీ ఉండదు, అది రైల్వే పోలీసులది, రాజమండ్రిలో జీఆర్పీ వాళ్ళని అడగాలి. 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద ఏదైనా జరిగితే పైన రోడ్డు ఒకరిది, కింద పట్టాలు ఇంకొకరివి, ఇద్దర్నీ అడగండి.

సరే, గుర్తు తెలియని శవం ఫైలు దొరికింది అనుకోండి, అందులో చదవాల్సింది శవ పంచనామా. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అదే సీఆర్‌పీసీ, 174 సెక్షన్ కింద రాసేవాళ్ళు, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194. ముఖం గుర్తుపట్టేలా లేదు అన్న లైను దగ్గర చాలామంది చదవడం ఆపేస్తారు, అసలు సరుకంతా దాని కిందే ఉంటుంది. వయసు సుమారు ఇంత, చామనఛాయ, కుడిచేతి మీద పచ్చబొట్టు ఫలానా పేరు, నల్ల మొలతాడు, తాయెత్తు, ముందు పన్ను విరిగింది. తర్వాత బట్టలు. చొక్కా కాలర్ లోపల టైలర్ షాపు లేబుల్ ఉంటే ఊరి పేరుతో సహా రాస్తారు, పంచె అంచు మీద చాకలి గుర్తు ఉంటే అది కూడా. ఆ నల్ల చుక్కలూ గీతలూ ఏ ఇంటివో ఆ ఊరి చాకలికి తప్ప ఎవరికీ తెలీదు, ఆయన ఇప్పుడు ముసలాడైపోయి ఉంటాడు, ఆయన దగ్గరకి వెళ్ళడం రేపటికి వాయిదా వెయ్యకండి. మీరు ఫైలు చూడక ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఆ మనిషి ఒంటి గుర్తులు రాసి పెట్టుకోండి, చూశాక రాస్తే ఫైల్లో ఉన్నదే గుర్తొచ్చినట్టు అనిపిస్తుంది.

స్టేషన్‌లో లేదంటే ఇంకో రెండు దార్లున్నాయి, ఇవి చాలామందికి తెలీవు. 174 రిపోర్టు పోలీసులు సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కి గానీ జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ పంపాలి, అంటే ఆర్డీవో ఆఫీసులోనో కలెక్టరేట్‌లోనో కాపీ ఉండే అవకాశం ఉంది. పోస్టుమార్టం చేసిన గవర్నమెంట్ హాస్పిటల్లో రిజిస్టరు ఉంటుంది. హత్య కేసైతే ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్తుంది, కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టుకోవచ్చు.

ఇవన్నీ నోటితో అడిగితే "పాత రికార్డులు లేవండి" అనే సమాధానమే వస్తుంది, అందుకని సమాచార హక్కు చట్టం కింద రాసి అడగాలి. ఫీజు మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసుకి 5 రూపాయలు, ఆ పైన 10. "నా బంధువు కేసు వివరాలు ఇవ్వండి" అని రాయొద్దు, వెంటనే తిప్పి పంపుతారు. ఫలానా స్టేషన్లో ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా గుర్తు తెలియని శవాల మీద రిజిస్టరైన కేసుల నంబర్లు, తేదీలు, శవ పంచనామా కాపీలు, ఇలా పత్రం పేరు పెట్టి అడగాలి. కింద ఇంకో లైను కూడా రాయండి, రికార్డు ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ, తేదీ ఇవ్వమని, లేదు పొమ్మని ఊరికే అనేవాళ్ళు ఈ లైను చూసి ఒకసారి బీరువా తెరుస్తారు. వాళ్ళది కాకపోతే 6(3) కింద అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాల్సింది వాళ్ళే. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి. దర్యాప్తుకి అడ్డం అని 8(1)(హెచ్) చూపిస్తారు. మీ కేసు 20 ఏళ్ళు దాటిందైతే 8(3) చదివి వినిపించండి, 20 ఏళ్ళ కిందటి సంఘటనకి ఆ మినహాయింపు పనికిరాదు. ఇది మన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం, ఎవరూ వాడరు.

పేపర్ల విషయానికొస్తే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం 1898 నాటిది, వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకి పేరున్నది. తేదీ ముందు తేల్చుకోమన్నది ఇందుకే, ఏడాది పేపర్లన్నీ తిరగేస్తే కళ్ళు పోతాయి, పది రోజులవైతే ఒక పూటలో అయిపోతుంది. ఇంకోటి, అప్పట్లో శవం దొరికితే పోలీసులు ఊళ్ళో ఫోటో స్టూడియో అతన్నే పిలిచి తీయించేవాళ్ళు. ఆ స్టూడియోల్లో కొన్నిటి దగ్గర నెగటివ్‌ల డబ్బాలు ఇంకా పడున్నాయి.

మనుషులతో మాట్లాడేటప్పుడు ఒక సంగతి. ఆడపిల్ల తప్పిపోతే ఊరు "ఎవడితోనో లేచిపోయింది" అనేసి ఊరుకుంటుంది, ఇంట్లోవాళ్ళు పరువని కేసు పెట్టరు, వేరే కులం కుర్రాడు మధ్యలో ఉంటే ఇక ఆ మాట ఎవరూ ఎత్తరు. లేచిపోయిన అమ్మాయి పదేళ్ళకైనా తల్లికి ఒక ఉత్తరం రాస్తుంది, ఫోన్ చేస్తుంది, తోబుట్టువుల పెళ్ళి గురించి ఎవరో ఒకర్ని వాకబు చేస్తుంది. ఒక్కసారి కూడా ఏ కబురూ లేదంటే నేను ఆ కథని నమ్మను. గల్ఫ్ వెళ్ళి కబురు లేకుండా పోయిన వాళ్ళది మళ్ళీ వేరే దారి, పాస్‌పోర్ట్ వివరాలు పట్టుకుని విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి.

అనుమానం ఎవరి మీదున్నా పేరు మాత్రం బయట అనొద్దు. యూట్యూబ్‌లో ఫోటో పెట్టి "వీడే" అన్నారంటే పరువు నష్టం కేసు మీ మీద పడుతుంది, పైగా నోరు విప్పుదామనుకున్న సాక్షి కూడా తలుపేసుకుంటాడు. తెలిసింది రాసి డీఎస్పీకో ఎస్పీకో ఇవ్వండి, ఒకటే పేజీ, ఎడం పక్క మీ మనిషి గుర్తులు, కుడి పక్క పంచనామాలో గుర్తులు, కింద రెండు కేసుల నంబర్లు. హత్యకి కాలపరిమితి లేదు. కొత్త ఆధారం వస్తే మళ్ళీ దర్యాప్తు చెయ్యొచ్చు, అప్పట్లో సీఆర్‌పీసీ 173(8), ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 193(9). ఎముకలు భద్రంగా ఉండుంటే డీఎన్ఏ అడగండి, తల్లి బతికుంటే ఆవిడ రక్తం నమూనా అన్నిటికంటే ముఖ్యం, ఆవిడ లేకపోతే ఆ తల్లి కడుపున పుట్టిన తోబుట్టువులది.

ఏమీ దొరక్కపోయినా పొలం పేరు మార్పిడి, బ్యాంకు డబ్బులు, ఎల్ఐసీ ఇవి ఆగిపోయి ఉంటాయి కదా. ఏడేళ్ళు ఏ కబురూ లేని మనిషి చనిపోయినట్టే అని చట్టం అనుకుంటుంది, ఎవిడెన్స్ యాక్ట్ 108, కొత్త చట్టంలో 111. కానీ ఏ రోజు చనిపోయాడన్నది మాత్రం దాంట్లో రాదు, 2004లో ఎల్ఐసీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఫలానా తేదీకే పోయాడని అనేవాళ్ళు దాన్ని విడిగా రుజువు చేసుకోవాలి. అందుకని మనిషి పోయాడనుకుని ప్రీమియం కట్టడం మానేసిన ఇళ్ళల్లో పాలసీ ల్యాప్స్ అయి డబ్బు రాకుండా పోయింది. చనిపోయినట్టు ప్రకటించమని సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వెయ్యాలి, దానికి మిస్సింగ్ ఎఫ్ఐఆర్, మనిషి జాడ దొరకలేదని పోలీసులిచ్చే నాట్ ట్రేసబుల్ సర్టిఫికెట్ అడుగుతారు. అప్పట్లో కేసే పెట్టలేదంటే ఇప్పుడైనా వెళ్ళి పెట్టండి, ఇన్నేళ్ళయ్యాక ఏంటని ఎస్సై అంటే రాసిన ఫిర్యాదు స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపి ఆ రసీదు దాచుకోండి.