వెల్డ్ నింపిన షాఫ్ట్‌ను తిప్పాలంటే: ముందు రాడ్డు, తర్వాత టిప్

అరిగిన షాఫ్ట్‌కు వెల్డ్ నింపి లేత్ మీద సైజుకు తిప్పేటప్పుడు టిప్‌లు (లోహాన్ని కోసే చిన్న కార్బైడ్ ముక్కలు) వరసగా విరిగితే, అందరూ టిప్‌నే తప్పుపడతారు. చాలాసార్లు లోపం వెల్డ్‌లోనే ఉంటుంది. కాబట్టి వెల్డింగ్ రాడ్డు దగ్గర మొదలుపెట్టాలి.

0.4 శాతం కార్బన్ ఉన్న స్టీలు షాఫ్ట్‌కు తక్కువ హైడ్రోజన్ రకమైన 7018 రాడ్డు మంచిది. అయితే దాని పూత గాలిలోని తేమను పీల్చేస్తుంది. ఆర్క్ వేడికి ఆ తేమలోని హైడ్రోజన్ విడిపోయి లోహంలోకి దిగుతుంది, వెల్డ్ పక్కన గట్టిపడిన చోట పగులు తెస్తుంది. ఆ పగులు ఒకట్రెండు రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు. అందుకే ఆఖరి తనిఖీ 48 గంటలు ఆగి చేయాలి.

డబ్బా విప్పి చాలాసేపైన రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది డబ్బా మీద ఉంటుంది. సాధారణంగా 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట నుంచి రెండు గంటలు. మండుతున్న ఓవెన్‌లో ఒక్కసారిగా పెడితే పూత చిట్లుతుంది, మెల్లగా వేడి పెంచాలి. కట్టలుగా పేరిస్తే మధ్యలోవి ఆరవు. ఆరినవాటిని 120 డిగ్రీలకు తగ్గకుండా ఉంచి, కావలసినన్నే బయటికి తీయాలి. నీళ్లలో నానిన రాడ్డు మాత్రం పారేయాల్సిందే. రాడ్డును జాబ్‌కు (వెల్డ్ చేసే ముక్కకు) అంటించి కరెంటుతో ఎర్రగా కాల్చే పద్ధతి పూర్తిగా మానుకోవాలి. దానితో తేమ సమంగా పోదు, పూత కూడా పాడవుతుంది.

మామూలు పనులకు వాడే 6013 రాడ్లకు ఈ లెక్క వర్తించదు. వాటి పూతకు కొంత తేమ ఉండాలి, 350 డిగ్రీల్లో పెడితే చెడిపోతాయి.

షాఫ్ట్‌ను 150 నుంచి 200 డిగ్రీలకు వేడిచేసి, ఆర్క్ పొట్టిగా పట్టి నింపండి. ఆర్క్ పొడుగైతే ఆరిన రాడ్డుతో కూడా గాలి రంధ్రాలు పడతాయి. ప్రతి వరస తర్వాత స్లాగ్‌ను (వెల్డ్ మీద గట్టిపడే మడ్డిని) కొట్టి బ్రష్‌తో తుడవాలి, ఎందుకంటే లోపల చిక్కిన స్లాగ్ టిప్ అంచును కొరికేస్తుంది. నీళ్లతో చల్లారిస్తే వెల్డ్ పక్కన ఉక్కు గాజులా గట్టిపడుతుంది. పొడి ఇసుకలోనో బూడిదలోనో కప్పి దానంతట అది చల్లారనివ్వండి.

ఇక టిప్. ఒకే టిప్‌తో రఫ్, ఫినిష్ రెండూ లాగాలని చూడకండి. రఫ్‌కు మూల బలంగా ఉన్నది కావాలి: చదరంగా ఉండే ఎస్ఎన్ఎంజీ 120408, లేదా 80 డిగ్రీల మూల ఉన్న సీఎన్ఎంజీ 120408. ఆ అంకెల్లో 12 అంచు పొడవు, 04 మందం, 08 అంటే 0.8 మి.మీ. నోస్ రేడియస్, అంటే మూల గుండ్రం. గ్రేడ్ (కార్బైడ్ రకం; అంకె పెరిగేకొద్దీ దెబ్బను ఎక్కువ తట్టుకుంటుంది) పీ30, పీ35 దగ్గర తీసుకోండి. పీ10 అరుగుదలకు బాగా తట్టుకుంటుంది గానీ దెబ్బకు చిట్లుతుంది. ఎగుడుదిగుడు వెల్డ్ అంటే తిరిగిన ప్రతిసారీ దెబ్బే.

మొదటి కోత వెల్డ్ పైపొర కిందికి దిగాలి. పల్లాలు 1.5 మి.మీ. లోతుంటే 2 మి.మీ. వేయండి. మెల్లగా పోదామని 0.3 వేస్తే టిప్ ఆ గట్టి పొర మీదే రాచుకుని అరుగుతుంది. 50 మి.మీ. షాఫ్ట్‌కు నిమిషానికి 80 మీటర్ల వేగం అంటే దాదాపు 510 ఆర్పీఎం, ఫీడ్ (ఒక్కో చుట్టుకు టిప్ జరిగే దూరం) 0.2 మి.మీ. కూలెంట్ ధారగా పోయాలి, లేదంటే అసలు వద్దు. ఆగి ఆగి చల్లితే వేడెక్కిన కార్బైడ్‌కు అంచుకు అడ్డంగా సన్నని పగుళ్లు వస్తాయి.

ఫినిష్‌కు వ్యాసంలో 1 మి.మీ. వదిలి, 0.4 రేడియస్ టిప్ పెట్టండి. సన్నని షాఫ్ట్ వణుకుతుంటే సీసీఎంటీ లాంటి, అంచు కింద పక్కలు లోపలికి వాలిన పాజిటివ్ టిప్‌తో ఒత్తిడి తగ్గుతుంది. ఫీడ్ 0.1 అయితే గీతల లోతు లెక్కప్రకారం 3 మైక్రాన్లు. 0.2కు పెంచితే అది నాలుగు రెట్లవుతుంది.

టిప్ మార్చినప్పుడల్లా సీటును తుడిచి, కింద షిమ్ (టిప్‌కు ఆధారంగా ఉండే పలక) చిట్లిందేమో చూడండి. అక్కడ చిన్న చిప్పు ఇరుక్కున్నా టిప్ సరిగా కూర్చోక మొదటి దెబ్బకే విరుగుతుంది.