గండికోట లోయలో ఒక రోజు: కయాకింగ్, కాలినడక ఎలా చేయాలి?

కడప జిల్లా గండికోటకు వచ్చేవారిలో చాలామంది ఉదయమంతా పెన్నా నది లోయ అంచున ఫొటోలు దిగుతూ గడిపి, ఎండ ముదిరాక నీళ్ల దగ్గరికి వెళ్తారు. ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి. ముందు నీళ్లు, తర్వాతే నడక. పొద్దెక్కేకొద్దీ నిటారు గోడల మధ్య గాలి ఇరుకున పడి ఎదురు కొడుతుంది; అప్పటికే నడిచి అలసినవారు ఆ గాలిలో కయాక్‌ను, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవను, సూటిగా నడపలేరు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తగిన కాలం. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు. ముందు రాత్రి కోట దగ్గరే బస చేయడం మేలు. వెనుక పట్టీ ఉన్న చెప్పులు, టోపీ, మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఫోనుకు నీరు చొరని సంచి ఉంటే సరిపోతుంది. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, శనక్కాయల పొడి తీసుకెళ్లాలి. బిర్యానీ తిని కొండ ఎక్కకూడదు.

గైడుకు డబ్బు ఇచ్చేముందే, ఆ రోజు పై జలాశయం నుంచి నీళ్లు వదులుతున్నారా, ఎంత దూరం వెళ్లి వెనక్కి తిరగాలి అన్న రెండు విషయాలు అడగాలి. తడబడకుండా జవాబు చెప్పలేని గైడు వద్దు. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకున్నాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవారిని అడగండి. అది చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే.

ఇక అసలు చిక్కు కయాక్‌లోకి ఎక్కడంలో ఉంది. బోల్తాపడేవారు ఎక్కువగా నది మధ్యలో కాదు, ఒడ్డునే పడతారు. ఒడ్డు రాళ్ల మీద, నీటి గీతకు సరిగ్గా కింద, పచ్చని పాచి పలుచగా పట్టి ఉంటుంది. పొడి రాయి మీద నుంచి నేరుగా దాని మీద కాలు మోపితే నిలవదు. అందువల్ల మోకాలి లోతు నీళ్లలోకి మెల్లగా నడిచి వెళ్లి, కయాక్ అడుగు ఎక్కడా రాయికి ఆనకుండా పూర్తిగా తేలుతోందో లేదో చూసుకోవాలి. సగం రాయి మీద, సగం నీటి మీద ఉన్న కయాక్ మనిషి కూర్చోగానే ఒరిగిపోతుంది.

తర్వాత సీటుకు వీపు పెట్టి నిలబడి, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని, ముందుగా కూర్చోవాలి. కాళ్లు ఇంకా నీళ్లలోనే ఉండాలి. కయాక్ కుదుటపడ్డాకే కాళ్లను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకోవాలి. బస్సు ఎక్కినట్టు ముందు కాలు వేసి ఎక్కడం, లోపల నిలబడి సర్దుకోవడం పనికిరావు. గైడు పట్టుకున్నాడు కదా అని ఈ క్రమం తప్పితే, మీతోపాటు అతనూ పడతాడు.

పడితే కయాక్‌ను వదలకూడదు. ఒడ్డు దగ్గరే ఉందని ఈదబోకూడదు. బోర్లాపడిన కయాక్‌ను తిరగేసి, దాని మధ్యభాగానికి వచ్చి, కాళ్లు తన్నుతూ శరీరాన్ని నీటి మీద చదునుగా తేల్చి, పొట్ట సీటు మీదుగా అడ్డంగా పడేలా లాక్కోవాలి. అటువైపు అంచును మరొకరు పట్టుకుంటే తేలిక. పొట్ట మీద నుంచి వెల్లకిలా తిరిగి కూర్చున్నాక కాళ్లు లోపలికి తేవాలి. బయలుదేరేముందు ఒడ్డు దగ్గరే ఒకసారి కావాలని పడి దీన్ని సాధన చేయాలి. బట్టలు తడుస్తాయని సణిగేవారు కోట చూసి ఇంటికి వెళ్లవచ్చు.

తెడ్డు వేయడం కష్టమేమీ కాదు. చేతులతో కాక నడుము తిప్పుతూ వేస్తే భుజాలు నొప్పి పెట్టవు. గాలి మొదలవగానే వెనక్కి తిరగాలి.

భోజనమయ్యాక ఎండ తగ్గేదాకా ఆగి, ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయ ఆలయం మీదుగా లోయ అంచుకు నడవాలి. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే కొండను తొలిచిన ఇరుకు దారి గురించీ, దాని పక్కనున్న భయంకరమైన అగాధం గురించీ రాశాడు. ఆ భయం ఇప్పటివారికీ కొంత అవసరమే. అందరూ గ్రానైటు అనుకునే ఈ రాయి నిజానికి క్వార్ట్‌జైటు, అంటే ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి. పగుళ్ల వెంట దిమ్మలుగా విడిపోతుంది కనుక, గట్టిగా కనిపించే అంచు దిమ్మ మీదైనా నిలబడకూడదు. చీకటి పడకముందే, గైడు తలలు లెక్కపెట్టుకున్నాక, అందరూ కలిసే వెనక్కి రావాలి.