మ్యాచ్ అయిన రాత్రి మీ పిల్లాడు ఎక్కడున్నాడు?

గాజువాకలో కుర్రాళ్లకు కబడ్డీ నేర్పుతాను. తల్లిదండ్రులు నన్ను తిండి గురించి, సెలక్షన్ల గురించి, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల గురించి అడుగుతారు. మందు గురించి మాత్రం ఎవరూ అడగరు. నేనే ఎత్తితే "మావాడికి అలాంటివి లేవు మాస్టారూ" అని తేల్చేస్తారు. ఒకావిడైతే "మొగపిల్లడు, పండగపూట ఒక్క బీరుకేటవుద్ది?" అంది. ఏమవుతుందో, మనం ఏం చేయొచ్చో చెబుతాను.

ముందు ఏ రోజు కాచుకోవాలో తెలుసుకోండి. మ్యాచ్ ముందురోజు ఎవరూ తాగరు, ఆట భయం ఉంటుంది. ప్రమాదమంతా మ్యాచ్ అయిపోయిన రాత్రే. సంక్రాంతి టోర్నమెంట్లు చూసినవాళ్లకు ఇది తెలుసు. ఫైనల్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. గెలిచిన సంతోషంలో ఎవరో పెద్దాయన కుర్రాళ్ల చేతిలో డబ్బులు పెడతాడు. "ఈరోజు కూడా తాగవేట్రా" అని సీనియర్లు గ్లాసు అందిస్తారు. ఓడితే బాధ పేరుతో అదే గ్లాసు. పదిహేడేళ్ల వాడికి అక్కడ కాదనడం చాలా కష్టం. కాదంటే జట్టులో తనను వేరుగా చూస్తారని వాడి టెన్షన్.

కానీ ఒళ్లు బాగుపడాల్సింది కూడా ఆ రాత్రే. ఆటలో నలిగిన కండ నిద్రలో, తిన్న తిండితో మళ్లీ కట్టుకుంటుంది. మందు సరిగ్గా ఆ పనికే అడ్డం పడుతుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరు యువకులతో వ్యాయామం చేయించి, ఆ తర్వాత బాగా ఎక్కువ మోతాదులో ఆల్కహాల్ ఇచ్చి చూశారు. ప్రొటీన్ కూడా ఇచ్చినా, కండలో కొత్త ప్రొటీన్ తయారవడం 24 శాతం తగ్గింది. ప్రొటీన్ లేకపోతే 37 శాతం. మీరు పొద్దున్నే ఉడకబెట్టి పెట్టే గుడ్లలో కొంత ఇలా వృథా అయిపోతుందన్నమాట.

నీళ్ల సంగతి ఇంకోటి. మన విశాఖ ఉక్కపోతలో గంట ఆడితే బనియన్ పిండితే చెమట కారుతుంది. మూత్రం ఎక్కువ పోకుండా ఆపే హార్మోన్ ఒకటి ఒంట్లో ఉంటుంది. ఆల్కహాల్ దాన్ని అణిచేస్తుంది. అసలే ఎండిన ఒంట్లోంచి ఇంకా నీళ్లు పోతాయి. దెబ్బ తగిలిన రోజైతే మరీ చెడ్డది. చీలమండ మెలిపడినప్పుడు తాగితే రక్తనాళాలు వెడల్పయి వాపు పెరుగుతుంది, నొప్పి తెలియక దాని మీదే నడిచేస్తారు.

"ఒక్క సీసాయే కదా" అనేవాళ్ల కోసం ఈ లెక్క. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు కరిగించేది 7 నుంచి 10 గ్రాములు. రాత్రి పన్నెండుకు తాగినవాడు పొద్దున ఐదుకి ప్రాక్టీసుకొస్తే మందు ఇంకా ఒంట్లో ఉండొచ్చు. తలస్నానం, కాఫీ, నిమ్మరసం దాన్ని త్వరగా దించలేవు. నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ తెల్లవారుజామున తెగుతూ ఉంటుంది. అలా వచ్చిన కుర్రాణ్ణి నేను రైడ్‌లో, అంటే కూతకు వెళ్లినప్పుడు, గుర్తుపట్టగలను. అవతలి జట్టు వైపున్న బోనస్ గీత దాటాక కాలు వెనక్కి తీసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది, ఈలోగా కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ పట్టేస్తాడు. దమ్ము బాగానే ఉంటుంది, పాదమే మాట వినదు.

కల్లు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి మంచిదే అనుకోకండి. దించాక పులుస్తూనే ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. ఎనర్జీ డ్రింక్‌లో మందు కలిపితే మత్తు తెలియదు, అందుకే ఇంకా ఎక్కువ తాగేస్తారు.

ఇక మీరు చేయాల్సింది. టోర్నమెంట్ తేదీ తెలియగానే తిరుగు ప్రయాణం ఎవరితో అన్నది తేల్చండి. ఇద్దరు ముగ్గురు తండ్రులు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నా చాలు. రాత్రి ఎంతైనా సరే, ఇంట్లో వేడి అన్నం, పప్పు, గుడ్లు, ఉప్పు వేసిన మజ్జిగ ఉంటాయని పిల్లాడికి ముందే చెప్పండి. సంబరం చేసుకోవద్దనకండి, ఆ సంబరాన్ని మీ ఇంటికే పిలవండి. మా కోర్టు పిల్లల్లో ఒకరి అమ్మగారు గెలిచినా ఓడినా జట్టుకంతా బిర్యానీ వండుతుంది. ఆ రాత్రి సీనియర్లు కూడా అక్కడే తింటారు.

బయట ఉండాల్సి వస్తే ఒక గుర్తుమాట పెట్టుకోండి. వాడు "అమ్మకు జ్వరం తగ్గిందా?" అని మెసేజ్ పెడితే మీరు వెంటనే ఫోన్ చేసి, పక్కవాళ్లకు వినపడేలా గట్టిగా "ఇప్పుడే ఇంటికి రా" అనండి. చెడ్డ పేరు మీకు వస్తుంది, పిల్లాడి మర్యాద నిలుస్తుంది. వాడే నేరుగా ఫోన్ చేసి పిలిస్తే మాట ఇలా ఉండాలి:

"నాన్నా, నన్ను తీసుకెళ్తావా?"

"ఎక్కడున్నావురా?"

"భీమిలి రోడ్డులో."

"అక్కడే ఉండు, వస్తున్నా. తాగినవాడి బండి మాత్రం ఎక్కకు."

దారిలో కేకలు వద్దు. మర్నాడు మధ్యాహ్నం, తిన్నాక, కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ రాత్రి కొట్టారా, ఇంకోసారి మీకు ఫోన్ రాదు.

ఏం మాట్లాడాలి? ఇరవై ఏళ్ల తర్వాత లివర్ పోతుందంటే పదహారేళ్ల వాడి చెవికెక్కదు. వాడి ఆట గురించి చెప్పండి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో పరుగెత్తింది. సెకనులో నూరో వంతు కూడా లెక్కకొచ్చే ఆటలో నిద్ర చెడిన ఒక్క రాత్రి ఎంత ఖరీదో వాణ్ణే అడగండి. పెద్ద పిల్లలు "ఆల్కహాల్ డోపింగ్ జాబితాలో లేదు కదా" అని వాదిస్తారు, అంటే ఆటగాళ్లు వాడకూడని వాటి జాబితాలో. నిజమే, కొన్ని ఆటల్లో పోటీ సమయంలో ఉన్న నిషేధాన్ని కూడా 2018లో తీసేశారు. దాంతో మందు ఒంటికి మంచిదైపోలేదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మడం నేరం, అది కూడా చెప్పండి.

తండ్రులకు ఒక మాట. ఆదివారం సాయంత్రం సీసా ముందు కూర్చుని, సోడా తెమ్మని కొడుకునే పంపకండి.

తాగి వచ్చినవాడు పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, బలవంతంగా వాంతి చేయించకండి, ఒంటరిగా వదలకండి. ప్రాక్టీసు ఎగ్గొట్టడం, డబ్బులు మాయమవడం, పాత స్నేహితుల్ని వదిలేయడం వారాల తరబడి కనిపిస్తే 14446కి ఫోన్ చేయండి. అది వ్యసనాల నుంచి బయటపడటానికి కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. జట్టులో పిల్లలకు పోస్తున్నది ఎవరో తెలిస్తే ఆ పేరు కోచ్‌కి చెప్పండి, అది నేనైనా సరే, ఇంకొకరైనా సరే. మీ పిల్లాడు చెప్పాడని బయటపడకుండా చూసుకోవడం మా పని.