మంటలొస్తే మామ్మగారిని ఎవరు దింపుతారు? (ధారావాహిక పాఠం – 3వ భాగం)

పోయిన భాగంలో మీకు రెండు పనులు అప్పజెప్పాను. మీ గుమ్మం నుంచి రోడ్డు దాకా మెట్లు లెక్కపెట్టమన్నాను. రాత్రి పదకొండు దాటాక ఆ దారిలో ఏ తలుపుకి తాళం పడుతుందో చూడమన్నాను. మా భీమవరం అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకి 57 మెట్లు. కింద దొంగల భయంతో వేసే ఇనుప గేటు ఒకటి. దాని తాళంచెవి వాచ్‌మన్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండేది కాదు. కిందటేడు తెల్లవారుజామున స్టిల్ట్‌లో, అంటే కింద బళ్లు పెట్టుకునే చోట, మీటర్ల బోర్డు కాలినప్పుడు అతను పాలకి వెళ్లాడు. అప్పటికి అమ్మకి తుంటి ఆపరేషనై నెల కాలేదు. "నన్నొదిలేసి మీరు దిగిపోండ్రా" అంది. మంట చిన్నదే, తొందరగానే ఆరింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఈ పాఠాలు రాయడం మొదలుపెట్టింది అందుకే.

ఈ భాగంలో నేర్చుకునేది ఒక్కటే. సొంతంగా దిగలేని మనిషి ఒక్కొక్కరికి, మంటలొస్తే ఎవరు ఎలా దింపాలో ఒక్కో కాగితం రాయడం.

"మంటలొస్తే బయటపడడానికి అపార్ట్‌మెంట్‌కి ప్లాన్ ఉందిగా" అంటారు అసోసియేషన్ వాళ్లు. అది నడిచేవాళ్ల ప్లాన్. లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న కాలిపోయి 72 మంది చనిపోయారు. వాళ్లలో దివ్యాంగులూ ఉన్నారు. దాని మీద వేసిన విచారణ 2019లో ఇచ్చిన నివేదికలో, ఎత్తైన నివాస భవనాల్లో సొంతంగా బయటపడలేని ప్రతి మనిషికీ విడిగా ప్లాన్ ఉండాలని సిఫారసు చేసింది. మన ఊళ్లలోవి నాలుగైదు అంతస్తులే కావచ్చు. మంచం దిగలేని మనిషికి మూడో అంతస్తయినా, ఇరవయ్యో అంతస్తయినా ఒకటే.

కాగితంలో ముందు రాత్రి సంగతి రాయండి. గ్రెన్‌ఫెల్ అంటుకున్నది అర్ధరాత్రి దాటాక. మన కోనసీమలో నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న గ్యాస్ పైప్‌లైన్ పేలింది తెల్లవారుజామున. తర్వాత పగలు 11 గంటల సంగతి రాయండి. అప్పుడు మగవాళ్లు చెరువుల మీదో ఆఫీసుల్లోనో ఉంటారు. పిల్లలు అమెరికాలో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉండే ఫ్లాట్లు మన దగ్గర ఎన్ని లేవు! మా అమ్మ కాగితం ఇలా ఉంది:

"301. మంచం మీద మనిషి. రోడ్డు వైపు గది. బరువు 50 కిలోలు. రాత్రి: నేను, 302 అన్నయ్యగారు. పగలు: 201 పిన్నిగారు, వాళ్లబ్బాయి. దింపేది: చెక్క కుర్చీలో. మెట్లలో పొగ ఉంటే: దింపొద్దు, రోడ్డు వైపు బాల్కనీ. తాళంచెవి: 302లో ఒకటి."

తాళంచెవి దగ్గర కొంచెం ఆగండి. ఒంటరి పెద్దవాళ్లు రాత్రిపూట లోపల మూడేసి గడియలు పెడతారు. అప్పుడు బయట చెవి ఉన్నా లాభం లేదు. బయట నుంచి చెవితో తెరిచే లాక్ ఒక్కటే వేసుకునేలా నెమ్మదిగా నచ్చజెప్పాలి. మాకు రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు కుర్చీ. ప్లాస్టిక్‌ది వద్దు, కాళ్లు వంగిపోతాయి. గట్టి చెక్క డైనింగ్ కుర్చీ తీసుకోండి. కూర్చున్న మనిషి ముఖం దిగే వైపుకి ఉండాలి. బలమైనవాళ్లు వెనక నిలబడి వీపు పట్టె పట్టుకుని కుర్చీని వెనక్కి వాలుస్తారు. రెండోవాళ్లు కింది మెట్టు మీద ఉండి ముందు కాళ్లు పట్టుకుంటారు. పాత నూలు చీరతో మనిషిని ఛాతీ దగ్గర కుర్చీకి కట్టండి, చేతులు ఒళ్లో ఉంచి వాటినీ కలిపి చుట్టండి. ఇది మరిచిపోవద్దు. భయంతో రెయిలింగ్ పట్టేసుకున్నారంటే ముగ్గురూ పడతారు. మూడో మనిషి ఉంటే కిందివాళ్ల వీపు మీద చెయ్యి వేసి మెట్లు లెక్కపెడుతూ మలుపులు చెప్పాలి. మీరు లెక్కపెట్టిన మెట్లు పనికొచ్చేది ఇక్కడే.

మొదటిసారే మనిషితో చెయ్యకండి. 25 కిలోల బియ్యం బస్తా కట్టి ఒక అంతస్తు దింపండి. అలవాటయ్యాక రెండు బస్తాలు. మధ్యలో ఎక్కడ ఆగాలో, ఎవరి చేతులు ముందు జారతాయో అప్పుడే తెలుస్తుంది.

మెట్లలో పొగ ఉంటే మాత్రం కుర్చీతో దిగొద్దు. పొగ పైపైన పేరుకుంటుంది, కుర్చీలో మనిషి తల సరిగ్గా అందులో ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లలో మీటర్ల బోర్డు చాలావరకు మెట్ల పక్కనే, కాబట్టి పొగ ముందు మెట్లలోకే ఎక్కుతుంది. మంట మీ ఫ్లాట్‌లో కాకపోతే తలుపు మూసి, కింది సందులో తడి తువ్వాళ్లు కుక్కి, రోడ్డు వైపు బాల్కనీలోకి మార్చి 101కో 112కో ఫోన్ చెయ్యండి. అంతస్తు, మనిషి పరిస్థితి, బాల్కనీ ఏ వైపో చెప్పండి.

మంట మీ ఇంట్లోనే అయితే దుప్పటి. మనిషిని దాని మీదికి దొర్లించి, తల వైపు నుంచి పట్టుకుని లాగండి. టైల్స్ మీద ఒక్క ఆడమనిషి కూడా లాగగలదు, పైగా పొగ కింద నేల దగ్గరే ఉంటారు. గది దాటగానే గది తలుపు, ఇల్లు దాటగానే వీధి తలుపు మూసెయ్యండి. మూసిన ప్రతి తలుపూ మీకు కొన్ని నిమిషాలు సంపాదించి పెడుతుంది. లిఫ్ట్ జోలికి పోవద్దు, కరెంటు పోతే అందులోనే ఇరుక్కుంటారు.

చెవుడు ఉన్నవాళ్లు రాత్రి మిషన్ తీసేసి పడుకుంటారు, కాబట్టి లోపలికెళ్లి లేపే మనిషి పేరు రాయాలి. మతిమరుపు ఉన్నవాళ్లు దిగాక మళ్లీ పైకెళ్లిపోతారు. కిందే ఉండి చెయ్యి వదలని మనిషి కావాలి. ఇంట్లో ఆక్సిజన్ వాడుతుంటే దేవుడి దీపం ఆ గదిలో వద్దు. ఆక్సిజన్ పట్టిన బట్టలు చాలా త్వరగా అంటుకుంటాయి.

ఈ వారం పని: కాగితం రాయండి. పేర్లు రాసేముందు వాళ్ల గుమ్మం దాకా వెళ్లి అడగండి. మంచం మీద ఉన్న మనిషినీ అడగండి, ఏ వైపు పట్టుకుంటే నొప్పో వాళ్లకే తెలుసు. ఇనుప గేటుకి ఇంకో రెండు చెవులు చేయించండి. వచ్చే భాగంలో స్టిల్ట్‌లోకి దిగి, మీటర్ల బోర్డు, పక్కనే ఛార్జింగ్ పెట్టే స్కూటర్ల సంగతి చూద్దాం. ఈలోగా మీ మెట్ల కింద ఏమేం పేర్చారో ఫొటో తీసి ఉంచండి.