లే మాన్స్ చూడబోయే కోనసీమ కుర్రాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

ఫార్ములా వన్ రెండు గంటల్లో తేలిపోతుంది. లే మాన్స్ కార్ల రేసు 24 గంటలు నడుస్తుంది. జూన్‌లో ఒక శనివారం ఫ్రాన్సులో సాయంత్రం 4 గంటలకి మొదలవుతుంది, మనకి అప్పుడు రాత్రి 7:30. ఆదివారం రాత్రి మళ్ళీ 7:30కి అయిపోతుంది. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఈ ఏడాది మొదటిసారి చూద్దామనుకునేవాళ్ళు ముందే కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే మంచిది.

మొదట నిద్ర సంగతి. కొత్తగా అభిమానం పట్టినవాళ్ళు శివరాత్రి జాగారంలా కాఫీలు తాగుతూ కూర్చుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి కుర్చీలోనే ఒరిగిపోతారు. అసలైన ఆట అప్పుడే రంజుగా ఉంటుంది మరి. లెక్క చూడండి. జూన్ మధ్యలో అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి పదవుతుంది, మనకి ఒంటిగంటన్నర. అక్కడ తెల్లారేసరికి ఆరు, మనకి తొమ్మిదిన్నర. అంటే చీకట్లో హెడ్‌లైట్లు వేసుకుని గంటకి 300 కిలోమీటర్లు దాటి కార్లు పరిగెత్తే వేళకి మన వీధిలో కళ్ళాపి చల్లుతుంటారు. అక్కడ సూర్యుడు పైకొచ్చేసరికి మీ చేతిలో దిబ్బరొట్టె ఉంటుంది. కాబట్టి మొదటి రెండు గంటలు చూసి మొహమాటం లేకుండా పడుకోండి. నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి, టిఫిన్ దాకా చూడండి. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయండి.

సాయంత్రం మాత్రం టీవీ ముందు నుంచి లేవద్దు. 2016లో అందరికంటే ముందున్న టొయోటా కారు ఆఖరి నిమిషాల్లో శక్తి పోయి, స్టార్టింగ్ లైను దాటగానే పిట్ (కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు) గోడ పక్కన ఆగిపోయింది. నడిపేది కజుకి నకాజిమా. వెనకాల వస్తున్న పోర్షె దాటుకుపోయి గెలిచింది. టొయోటాకి మొదటి గెలుపు 2018లో గానీ రాలేదు. అంతసేపు చూసి, చివర్లో ‘అయిపోయిందిలే’ అని బజారుకి వెళ్ళినవాడి బాధ చెప్పనలవి కాదు.

అందుకే ఒక్క కారు మీదే మనసు పెట్టుకోవద్దు. అది మూడో గంటలోనే గ్యారేజీలోకి పోవచ్చు, మిగతా 21 గంటలు మీరేం చేస్తారు? బరిలో 60 దాకా కార్లుంటాయి. హైపర్‌కార్, ఎల్‌ఎంపీ2, ఎల్‌ఎంజీటీ3 అని మూడు తరగతులు, ఎవరి పోటీ వాళ్ళదే. తరగతికి ఒకటి చొప్పున మూడు కార్ల నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఒక్కో కారుకి ముగ్గురేసి డ్రైవర్లు. మనవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ నంబరూ రాసుకోండి. 2012లో కరుణ్ చందోక్ ఈ రేసులో దిగిన మొదటి భారతీయుడు, ఆ జట్టు ఆరో స్థానంలో వచ్చింది. నిజానికి 2009లోనే నారాయణ్ కార్తికేయన్ దిగాల్సింది. రేసుకి ముందు పిట్ గోడ మీద నుంచి దూకి భుజం తప్పించుకున్నాడు. జాగ్రత్తల జాబితాలో ఇలాంటిది ఒకటి ఉండాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

ఇక కరెంటు. మృగశిర కార్తెలో మన దగ్గర ఈదురుగాలి లేస్తే కొబ్బరాకు వచ్చి తీగల మీద పడుతుంది, ఊరంతా చీకటి. శుక్రవారమే ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. కరెంటు పోయినప్పుడు టీవీ, వైఫై పెట్టె, ఒక ఫ్యాను చాలు, ఫ్రిజ్ దాని మీద వేయొద్దు. ఉరుములు దగ్గరికొస్తే మాత్రం రేసు ఏ మలుపులో ఉన్నా సరే, టీవీ ప్లగ్గూ కేబులు తీగా పీకేయాలి. పిడుగుల హెచ్చరికలకి దామిని యాప్ ఉంది, పొలాల మధ్య ఇళ్ళున్నవాళ్ళు ముందే వేసుకోండి. కారు కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దని ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఫోన్లో చూసేవాళ్ళకి రోజుకి రెండు జీబీల ప్యాకు ఏ మూలకీ చాలదు. మంచి నాణ్యతతో చూస్తే గంటకే జీబీ దాటిపోతుంది. బొమ్మ ఆగిపోతుంటే ఇంగ్లీషు రేడియో వ్యాఖ్యానం వినండి, దానికి డేటా పెద్దగా అవదు. వాట్సాప్ గ్రూపుల్లో ‘ఫ్రీ లైవ్’ అంటూ తిరిగే ఏపీకే ఫైళ్ళు మాత్రం ముట్టుకోవద్దు, బ్యాంకు ఖాతా ఉన్న ఫోను అది. ఆ లింకుల పక్కనే బెట్టింగ్ ప్రకటనలూ ఉంటాయి. కోడిపందేల గడ్డ మీద ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, ఒక్క బోల్టు ఊడి తలకిందులయ్యే ఆటలో పందెం కాయడం ఇంకా తెలివితక్కువ పని.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున. ఈ రేసులో డ్రైవరు ఏ ఆరు గంటల్లోనైనా నాలుగు గంటలకి మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. వాళ్ళంతటివాళ్ళకే ఆ హద్దు పెట్టారు. రెండు రోజులు నిద్ర చెడగొట్టుకుని చెరువు మీదకో, 216 హైవే మీద కాకినాడకో మీరు బండి తీయడమేంటి? ఇంకొకరి చేత నడిపించండి, లేదా బస్సెక్కండి. బెల్టు పెట్టుకోవడం మర్చిపోవద్దు. పూర్వం లే మాన్స్‌లో డ్రైవర్లు రోడ్డు దాటి పరిగెత్తుకెళ్ళి కారెక్కేవాళ్ళు, ఆ తొందరలో బెల్టు కట్టుకోకుండానే బయల్దేరేవాళ్ళు. 1969లో జాకీ ఇక్స్ నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళి, బెల్టు బిగించుకుని అందరి వెనకాల బయల్దేరాడు. ఆ మొదటి ల్యాపులోనే బెల్టు లేని జాన్ వూల్ఫ్ చనిపోయాడు. రేసు గెలిచింది ఇక్స్. ఆ మరుసటి ఏడు నుంచి పరుగు మానిపించి, డ్రైవర్లని బెల్టులతో కార్లలో కూర్చోబెట్టే మొదలుపెట్టారు.

కాలవ గట్టు దారిలో వెళ్ళక తప్పకపోతే, ధవళేశ్వరం నుంచి సార్వాకి నీళ్ళు వదిలేది ఆ రోజుల్లోనేనని గుర్తుంచుకోండి. వేసవిలో అడుగు కనపడిన కాలవ అప్పటికి నిండుగా పారుతుండొచ్చు. రెయిలింగు లేని చోట వేగం బాగా తగ్గించండి. ఒకవేళ కారు నీళ్ళలోకి దిగితే ఫోను కోసం వెతకొద్దు, తలుపుతో కుస్తీ పట్టొద్దు. బెల్టు విప్పి, కరెంటు పని చేస్తుండగానే అద్దం దించి, పిల్లల్ని ముందు బయటికి పంపి వెంటనే మీరూ వచ్చేయాలి.