లెడ్ ఎసిటేట్‌తో పని: ద్రావణం, పేపరు, మిగిలిన మడ్డి

యాసిడ్ సీసాను ఎవరూ అజాగ్రత్తగా ముట్టుకోరు. చెయ్యి కాలుతుంది, పొగ కళ్లలో పడుతుంది, భయం దానంతటదే వస్తుంది. ల్యాబులో వాడే సీసపు లవణం లెడ్ ఎసిటేట్ అలాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వదు. తెల్లటి స్ఫటికాలు, మూత తీస్తే వెనిగర్‌లా సన్నటి వాసన, చర్మం మీద పడ్డా మంట తెలియదు. పైగా రుచి తియ్యన. ఒకప్పుడు దీన్ని సీసపు చక్కెర అనేవారు. నోట్లోకి పోతే ఉమ్మెయ్యాలని నాలుకకు తోచదు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఒంట్లోకీ తేలిగ్గా ఎక్కుతుంది. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికే నెల రోజులు పడుతుంది. ఎముకల్లో చేరిందైతే దశాబ్దాలు ఉంటుంది. అందుకే ఈ జాగ్రత్తలన్నీ చేతుల చుట్టూ, దుమ్ము చుట్టూ తిరుగుతాయి.

ముందు ఒక లెక్క చూడండి. 10 శాతం ద్రావణం ఒక్క చుక్కలో, అంటే 0.05 మిల్లీలీటర్లలో, 5 మిల్లీగ్రాముల లవణం ఉంటుంది. అందులో సీసం దాదాపు 2.7 మిల్లీగ్రాములు. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంటే డ్రాపర్ అంచున వేలాడే ఆ ఒక్క చుక్క సుమారు 270 లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చడానికి చాలు. బల్ల మీద పడిన చుక్కను లైట్ తీసుకోకూడదనేది ఇందుకే.

ద్రావణం తయారీకి డిస్టిల్డ్ వాటరే వాడాలి. దాన్ని పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. మరిగిస్తే అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోతుంది, లేకపోతే అది సీసంతో కలిసి తెల్లటి కార్బొనేట్ అవుతుంది. బీకరునే బ్యాలెన్స్ మీద పెట్టి సున్నా చేసి, ప్లాస్టిక్ చెంచాతో 10 గ్రాముల స్ఫటికాలు నేరుగా అందులోనే వేయండి. కాగితం మీద తూచి తర్వాత ఒంపితే పొడి లేస్తుంది. తూచినంతసేపూ సీలింగ్ ఫ్యాను ఆపి ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఉక్కలో ఇది కష్టమే, అయినా ఆపండి. చెమట పడితే గ్లవ్ వేసిన చేత్తో మాత్రం ముఖం తుడుచుకోవద్దు. 80 మిల్లీలీటర్ల నీళ్లు పోసి గాజు కడ్డీతో కలిపి, గ్లేషియల్ (నీళ్లు కలపని) ఎసిటిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు వేసి, 100కి నింపండి.

పాలలా తెల్లబడితే కారణం వెతకండి. ఎసిటిక్ ఆమ్లం ఇంకొన్ని చుక్కలు వేయగానే తేటపడితే అది కార్బొనేట్, ద్రావణం పనికొస్తుంది. తేటపడకపోతే నీళ్లలో సల్ఫేట్ ఉంది. వేడిచేస్తే కరిగి, చల్లారాక మళ్లీ సూదుల్లా తేలితే క్లోరైడ్. ఈ రెండింటికీ మూలం చాలావరకు ఒకటే, డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఎవరో బోరు నీళ్లు పోసి ఉంటారు. ఆ ద్రావణాన్ని వ్యర్థాల డబ్బాలో పోసి మళ్లీ మొదలుపెట్టాలి.

మన ఎండలకు స్ఫటికాల్లోని నీరు కొంత ఆరిపోయి, సీసా మెడ దగ్గర మెత్తటి పొడి పేరుకుంటుంది. గాలిలోకి లేచేది అదే. మూత బిగించి, చల్లని అల్మరాలో కింది అరలో, ట్రేలో పెట్టి తాళం వేయండి. తడిసిందని ఓవెన్‌లో పెట్టకండి. 75 డిగ్రీలకే తన నీటిలో తానే కరిగిపోతుంది.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సల్ఫైడ్ పరీక్షకు లెడ్ ఎసిటేట్ పేపరే దిక్కు. ఫిల్టర్ పేపర్‌ను సెంటీమీటరు వెడల్పు ముక్కలుగా ముందే కత్తిరించి, ఆ తర్వాత ద్రావణంలో ముంచి ఆరబెట్టండి. ముంచి ఆరిన పేపరును కత్తిరిస్తే కత్తెర వెంట సీసం పొడి రాలుతుంది. ఆరబెట్టే గదిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండకూడదు, ఉంటే వాడకముందే పేపరు బూడిదరంగుకు తిరుగుతుంది. అమ్మోనియం సల్ఫైడ్ ఉన్న అరలో ఈ పేపరు పెట్టొద్దు. పరీక్షలో, పరీక్ష నాళికలో వేసిన చిటికెడు తెలియని లవణానికి రెండు మిల్లీలీటర్ల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి వెచ్చచేసి, డిస్టిల్డ్ వాటర్ ఒక చుక్కతో తడిపిన పేపరు ముక్కను చిమటాతో నాళిక మూతి దగ్గర పట్టుకోవాలి. పిల్లలు స్టాంపు అంటించినట్టు నాలుకతో తడపకుండా చూసుకోవడం మీ బాధ్యత. నల్లగా మెరిస్తే లెడ్ సల్ఫైడ్. సల్ఫైట్ నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌కు పేపరు నల్లబడదు, దాన్ని డైక్రోమేట్ పేపరు ఆకుపచ్చబడటంతో పట్టుకోవాలి.

సేంద్రియ పదార్థంలో ఏ మూలకాలున్నాయో చూసే లాసేన్ పరీక్షలో గంధకం కోసం దీన్ని వాడేటప్పుడు ఎక్కువమంది ఒకేచోట తప్పుతారు. పదార్థాన్ని సోడియంతో కరిగించి నీళ్లలో దించిన సోడియం సారం క్షారంగా ఉంటుంది, అలాగే లెడ్ ఎసిటేట్ వేస్తే తెల్లటి హైడ్రాక్సైడ్ దిగి అయోమయం చేస్తుంది. ముందు ఎసిటిక్ ఆమ్లంతో నీలి లిట్మస్ ఎర్రబడేదాకా ఆమ్లీకరించాలి. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు పనికిరావు, వాటితోనూ సీసం తెల్లగా దిగుతుంది. ఫార్మసీ కాలేజీల్లో ఆకుల సారంలో ఫీనాలిక్ పదార్థాలు చూసే పరీక్షకూ ఇదే ఇబ్బంది. సారంలో సల్ఫేట్, క్లోరైడ్ ఉన్నా అవక్షేపం వస్తుంది కాబట్టి, ఫెర్రిక్ క్లోరైడ్‌తో సరిచూడకుండా ‘ఉన్నాయి’ అని రాయకండి. చెరుకు రసాన్ని పోలారిమీటర్ (చక్కెర శాతం కొలిచే పరికరం) కోసం తేటపరచడానికి క్షార లెడ్ ఎసిటేట్ చాలాకాలం వాడారు. అల్యూమినియం లవణాలతో అయ్యే పనికి సీసం ఎందుకన్నది మా గట్టి అభిప్రాయం.

నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. వేసుకున్నాక ఆ చేత్తో ఫోను తీయకండి. అవక్షేపం ఫొటో తీసుకున్న ఫోనే సాయంత్రం ఇంట్లో చిన్నపిల్లల చేతికి వెళుతుంది, పెద్దల కంటే పిల్లల పేగులు సీసాన్ని చాలా ఎక్కువగా పీల్చుకుంటాయి. నోటితో పిపెట్ లాగడం పూర్తిగా మానేసి రబ్బరు బల్బు వాడండి. లంచ్ బాక్సు, నీళ్ల సీసా ల్యాబు గుమ్మం బయటే ఉండాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ రాస్తే సీసం పోదు, చెయ్యంతా పరుచుకుంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ పని అప్పగించకండి.

పొడి ఒలికితే చీపురు పట్టొద్దు. ఫ్యాను ఆపి, తడి టిష్యూ కప్పి, అంచుల నుంచి మధ్యకు తుడిచి సంచిలో వేయండి. తర్వాత సబ్బునీళ్ల గుడ్డతో మూడుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవండి. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. మింగితే నోరు పుక్కిలించి ఉమ్మించి, వాంతి చేయించకుండా, సీసా లేబుల్‌తో సహా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ పూట బాగానే ఉన్నా రక్తంలో సీసం పరీక్ష చేయించాలి.

మిగిలిన ద్రావణం, అవక్షేపాలు, వాడిన పేపర్లు ఏవీ సింకులోకి వెళ్లకూడదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ‘సీసం వ్యర్థాలు’ అని రాసి, సింకు పక్కనే పెట్టండి. దూరంగా పెడితే చెయ్యి అలవాటుగా సింకు వైపే పోతుంది. డబ్బా నిండాక సోడియం కార్బొనేట్ కొద్దికొద్దిగా వేయండి. మిగిలిన 10 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్లకు సుమారు 4 గ్రాములు పడుతుంది. నురగ వస్తుంది, అది ఆగేదాకా మూత బిగించకండి. పీహెచ్ 9 దగ్గర ఆపండి. కాస్టిక్ సోడా వాడితే, ఎక్కువైనప్పుడు దిగిన మడ్డి మళ్లీ కరిగిపోతుంది. రాత్రంతా వదిలేస్తే తెల్లటి మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేటగా కనిపించే నీళ్లలోనూ సీసం కొంత ఉంటుంది, పరీక్ష చేయించకుండా పారబోయొద్దు. మడ్డిని చెత్తబండికి ఇవ్వకుండా, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న సంస్థకే అప్పగించి, తేదీ, బరువు రిజిస్టరులో రాసి సంతకం తీసుకోండి.